దావీదు మేస్త్రి కేక

పెద్ద దుంగ నేలమీద పడితే ఆ చప్పుడు చెవులకంటే ముందు అరికాళ్ళకు తెలుస్తుంది. ఈ ఉదయం డిపో గదిలో కూర్చుని టీ తాగుతుంటే అలాగే తెలిసింది. కుర్చీ కింద నేల అదిరింది, గ్లాసులో టీ వణికింది, ఆ తర్వాత వినిపించింది చప్పుడు. బయట హైడ్రా క్రేను లారీలోంచి వేప మాను దించుతోంది. గొలుసు కాస్త ముందే జారినట్టుంది. డ్రైవరు తల బయటపెట్టి "ఏం కాలేదు మేడమ్" అని నవ్వాడు. నిజంగానే ఏమీ కాలేదు. దరిదాపుల్లో మనిషే లేడు. అయినా ఆ తడి బెరడు వాసన గదిలోకి వస్తుంటే నేను టీ గ్లాసు పక్కన పెట్టేశాను. తెనాలిలో ఈ కర్రల డిపోకి వచ్చి నాకు చాలా ఏళ్ళయింది. సరుకు దించడం, పేర్చడం, కోతకు పంపడం ఇప్పుడు నా చేతిమీదుగానే జరుగుతాయి. ఈ పని నాకు నేర్పినవాడు దావీదు మేస్త్రి. నా భర్త ప్రసాదు చావుకు కారణమైనవాడూ ఆయనే. ఒకే మనిషి గురించి ఈ రెండు మాటలూ చెప్పాల్సి రావడం వినేవాళ్ళకు వింతగా ఉంటుంది. నాకు అలవాటైపోయింది.

క్రేన్లు రాకముందు ఈ డిపోలో దుంగల్ని మనుషులే దించేవాళ్ళు. లారీకి రెండు లావాటి కర్రలు ఏటవాలుగా ఆనించేవాళ్ళు. దుంగకు చెరో పక్కా మోకు చుట్టి, ఆ మోకుల కొసలు పట్టుకుని కొందరు లారీకి అవతలి వైపున కాళ్ళు నేలకు తన్నిపెట్టి నిలబడేవాళ్ళు. లారీ మీదున్న వాళ్ళు పలుగులతో దుంగను అంచుదాకా నెట్టేవాళ్ళు. మోకు కొంచెం వదిలితే దుంగ ఆ ఏటవాలు కర్రల మీద కొంచెం దొర్లేది. మళ్ళీ బిగించేవాళ్ళు. కింద ఒక మనిషి ఆపు పట్టుకుని ఉండేవాడు. ఆపు అంటే మరేం లేదు, ఒకవైపు పలచగా చెక్కిన తుమ్మచెక్క. దుంగ ఎక్కడ నిలవాలో అక్కడ దాని కింద దూర్చాలి. నేలమీదికి దిగాక దుంగ కింద గుండ్రటి కర్రలు వేసి దొర్లించుకుంటూ పోయేవాళ్ళు. పక్కకు తిప్పాలంటే, చివర ఇనప కొక్కెం ఉన్న బారు కర్ర ఒకటి ఉండేది. కొక్కెం బెరడులోకి దిగేట్టు తగిలించి కర్ర మీద బరువు వేస్తే ఎంత దుంగయినా ఒళ్ళు తిప్పుకునేది. ఇంతే సరంజామా. ఇన్ని చేతులు ఒక్కసారిగా కదలాలి గనక కేక వేసేవాడు మాత్రం ఒక్కడే ఉండాలి. "పట్టు" అంటే బిగించాలి. "వదులు" అంటే వదలాలి. ఆ కూలీల ముఠాలో కేక దావీదు మేస్త్రిది.

ఆయనది రేపల్లె అవతల పల్లెటూరు. పొట్టి మనిషి. మెడ ఎక్కడ ముగిసి భుజాలు ఎక్కడ మొదలయ్యాయో తెలియనట్టు ఉండేవాడు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని లూథరన్ చర్చిలో అందరికంటే గట్టిగా, అందరికంటే తప్పుగా పాడేవాడట. అదే ముఠాలో పనిచేసే ప్రసాదు ఇంటికొచ్చి ఆ పాట అనుకరించి నన్ను నవ్వించేవాడు. ప్రసాదుకు ఆయనంటే ప్రాణం. "మా బాబాయ్ కేక వేస్తే దుంగ కూడా వింటది సుగుణా" అనేవాడు. మా పెళ్ళికి ఆయన భార్య మరియమ్మతో వచ్చి, భోజనాల దగ్గర బెంచీలు చాలకపోతే తనే భుజాన వేసుకుని మోసుకొచ్చాడు. మరియమ్మ పిన్ని సిగ్గుతో చచ్చిపోయి, "పెళ్ళికొచ్చావా, ముఠా పనికొచ్చావా?" అని అందరి ముందే కోప్పడింది. నేనూ ఆయన్ని బాబాయ్ అనే పిలిచేదాన్ని. ఆ పిలుపు ఎక్కువకాలం నిలవలేదు.

మా పాప స్నేహ అప్పుడప్పుడే నడక నేర్చుకుంటోంది. వాన పడీ పడనట్టుగా ఉన్న మధ్యాహ్నం. ముఠాలో సాంబయ్య అనే ఆయన సైకిలు మీద వచ్చి మా గుమ్మం ముందు దిగాడు, కానీ లోపలికి రాలేదు. సైకిలు హ్యాండిలు పట్టుకుని అలాగే నిలబడి, "అమ్మాయ్, పాపని ఎవరికైనా ఇచ్చి రా" అన్నాడు. నేను ఏంటని అడగలేదు. అడిగితే చెప్పేస్తాడని భయం. డిపోకి వెళ్ళేసరికి ప్రసాదును గోనెపట్టాల మీద పడుకోబెట్టారు. మొహం మీద ఒక్క గీత కూడా లేదు. ఛాతీ మీద కప్పిన దుప్పటి మాత్రం ఉండాల్సినంత ఎత్తున లేదు. అది చూసిన తర్వాత నాకు చాలాసేపటి వరకు ఏదీ జ్ఞాపకం లేదు.

జరిగింది తర్వాత తెలిసింది. లారీ మీద ఆఖరి దుంగ. డ్రైవరు తొందర పెడుతున్నాడు, వాన పెద్దదయితే చక్రాలు దిగబడతాయని. మేస్త్రి అతని వైపు తిరిగి "పోదువుగానీ ఆగవయ్యా" అంటూ, ఆ తిరిగిన తల తిరిగినట్టే ఉండగా "వదులు" అని కేక వేశాడు. ఆ క్షణంలో ప్రసాదు ఏటవాలు కర్రల అడుగున వంగి, అడ్డుపడ్డ బెరడు ముక్క తీస్తున్నాడు. మోకులు పట్టుకున్న వాళ్ళకు లారీ అవతల ఏముందో కనబడదు. వాళ్ళకు తెలిసింది కేక ఒక్కటే. వదిలారు.

భూస్థాపన అయిన మర్నాడు మా ఇంటి ముందు జనం ఉన్నారు. డిపో ఓనరుగారు కూడా వచ్చి కూర్చున్నాడు. మా మామగారితో నెమ్మదిగా, ఎవరికోసమో జాలిపడుతున్నట్టుగా, ప్రసాదు ఆ రోజు కొంచెం తాగి ఉన్నాడని, వద్దన్నా దుంగ కిందికి పోయాడని చెబుతున్నాడు. పోలీసులకూ అదే చెప్పానన్నాడు. మా మామగారు తలవంచుకుని వింటున్నాడు. ప్రసాదు తాగడని ఆయనకు తెలుసు. కానీ కొడుకును మట్టిలో పెట్టివచ్చిన మనిషికి వాదించే ఓపిక ఎక్కడుంటుంది? నేను లోపలి గదిలోంచి వింటున్నాను. అప్పుడు వచ్చాడు దావీదు మేస్త్రి. చెప్పులు గేటు బయటే వదిలి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"ఓనరుగారూ, తప్పుగా చెప్తున్నారండి" అన్నాడు. "ప్రసాదు తాగలేదు. చెప్పినచోటే ఉన్నాడు. కేక నాది. నేను తల తిప్పి కేకేశాను. చూడలేదు. చూసుంటే వెయ్యను."

"దావీదూ, నువ్వు బాధలో ఉన్నావు. తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు ఓనరుగారు.

"బాధ కాదండి. జరిగింది చెప్తున్నా. స్టేషన్లో కూడా చెప్పే వస్తున్నా."

నేను గుమ్మంలోకి వచ్చాను. నన్ను చూసి ఆయన తల దించుకోలేదు. "అమ్మాయ్, నీ మొగుడు చేసిన తప్పు ఏమీ లేదు. రేపు పాప పెద్దయ్యాక ఎవరైనా ఏమైనా అంటే, నా పేరు చెప్పు" అన్నాడు. నా చేతికి ఏది దొరికిందో అది విసిరాను. ఇత్తడి చెంబు. ఆయన భుజానికి తగిలి దొర్లుకుంటూ పోయి గేటు దగ్గర ఆగింది. "పో" అని అరిచాను. ఆయన ఆ చెంబు తీసి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఒక్క మాట ఇక్కడ చెప్పాలి. తప్పు నాదే అన్నాడు గానీ, ఆ రోజు గానీ తర్వాత గానీ నన్ను క్షమించమ్మా అని ఆయన అనలేదు. అప్పట్లో దాన్ని పొగరు అనుకున్నాను.

ఆయన మీద కేసు పెట్టారు. వాయిదాలకు తిరిగాడు. చివరికి కొట్టేశారట. నేను ఎప్పుడూ కోర్టుకు వెళ్ళలేదు. ఓనరుగారు ఆయన్ని పనిలోంచి తీసేద్దామనుకున్నాడు గానీ, మేస్త్రి లేకుండా మోకు ముట్టేది లేదని ముఠా అంతా కూర్చుంది. కొంతకాలానికి ఓనరుగారి భార్య నాకు కబురు పంపింది. మొగుడు చెప్పిన అబద్ధం ఆవిడకు మింగుడు పడలేదనుకుంటాను. డిపోలో బెరడు ఏరి ఎండబెట్టడం, ఆవరణ ఊడ్చడం, చెక్కలు రకం వారీగా విడదీయడం, ఏదో ఒక పని ఇస్తాను రమ్మంది. నేను ఇంటర్ చదివాను. బట్టల కొట్లో పని దొరికేది. మా అత్తగారు కూడా ఆ డిపో గుమ్మం తొక్కొద్దంది. అయినా వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పుడు దాపరికం లేకుండా చెప్పగలను. ఆ మనిషికి నేను రోజూ కనబడాలి. పొద్దున పనిలోకి వచ్చేసరికి తెల్లచీరలో నేను ఎదురుగా ఉండాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు అప్పుడు.

వెళ్ళాక చూశాను, ఆయన పని చేయించే పద్ధతే మారిపోయింది. కేక వేసే ముందు ముఠాలో ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలుస్తున్నాడు. "సాంబా?" "ఉన్నా." "రత్నం?" "ఉన్నా." "కోటేశూ?" "ఉన్నా మేస్త్రీ." అందరూ పలికాక, అటూ ఇటూ నడిచి ఒక్కొక్కళ్ళ పాదాలు ఎక్కడున్నాయో చూసుకుని, అప్పుడు "వదులు" అనేవాడు. దుంగ జానెడు కదిలేది. మళ్ళీ పేర్లు. లారీ డ్రైవర్లు విసుక్కునేవాళ్ళు. ఇదేం హాజరు పట్టీ అని ఓనరుగారు గదిలోంచి అరిచేవాడు. ఆయన వినిపించుకునేవాడు కాదు. ముఠా వాళ్ళు మాత్రం ఒక్కరూ విసుక్కోగా నేను చూడలేదు.

ఒక రోజు పెద్ద మద్ది దుంగ దిగుతోంది. నేను దూరంగా పేర్చిన చెక్కల వెనక బెరడు ఏరుతున్నాను. పేర్లు మొదలయ్యాయి. సాంబయ్య పలికాడు, రత్నం పలికాడు, అందరూ పలికారు. "వదులు" అంటాడనుకుంటే, "సుగుణమ్మా?" అని వినిపించింది. నా చేతులు ఆగిపోయాయి. డిపోలో చేరిన దగ్గర్నుంచి నేను ఆయనతో మాట్లాడలేదు, ఆయన నన్ను పలకరించలేదు. "సుగుణమ్మా? ఎక్కడున్నావ్?" మళ్ళీ అడిగాడు. నేను పలకలేదు. నాలుక కదిలించకూడదని పంతం పట్టుకుని చెక్కల వెనకే కూర్చున్నాను. మోకులు బిగిసి కిర్రుమంటున్నాయి. సందులోంచి సాంబయ్య చేతులు కనబడుతున్నాయి, నరాలు తాళ్ళలా తేలాయి. ఎవరో "చెక్కల వెనకుంది మేస్త్రీ, దూరంగానే ఉంది, కానీండి" అన్నారు. "ఆవిడ నోటితో చెప్పాలి" అన్నాడాయన. ఎవరూ మోకు వదల్లేదు. ఎవరూ నన్ను తిట్టలేదు. ఆ మనుషుల ఊపిరి మాత్రం నాకు వినబడుతోంది. వాళ్ళ మోచేతుల వణుకు చూడలేక చివరికి, "ఉన్నాను" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. "వదులు" అన్నాడు మేస్త్రి. ప్రసాదు పోయాక మా ఇద్దరి మధ్య నడిచిన మొదటి సంభాషణ అదే.

ఆ తర్వాత రోజూ నా పేరు కూడా పిలిచేవాడు, నేను పలికేదాన్ని. అది దాటి మాటలు పెరగడానికి చాలాకాలం పట్టింది. పెరిగినవి కూడా పని మాటలే. ఆపు చెక్క ఎప్పుడూ పక్కనుంచి దూర్చాలి, ఎదురుగా నిలబడి కాదు. పలుగు పట్టేటప్పుడు దాని పైకొస గడ్డానికి ఎదురుగా ఉండకూడదు, జారితే దవడ పోతుంది. తడిసిన మోకు ఆరకముందు బరువు మోస్తున్నట్టే కనిపిస్తుంది గానీ నమ్మకూడదు. ఇవన్నీ నాకు ఎందుకు చెబుతున్నాడో అర్థమయ్యేది కాదు. ఒక రోజు ముఠా అంతా మజ్జిగ తాగుతుండగా వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"సుగుణమ్మా, రేపట్నించి కేక నువ్వెయ్యి."

నాకంటే ముందు సాంబయ్య లేచాడు. "ఆడమనిషి కేకకి మోకు వదలాలా మేస్త్రీ? ఊళ్ళో వింటే ఏమంటారు?"

"మగాడి కేకకే గదరా మనిషి పోయింది" అన్నాడు దావీదు మేస్త్రి.

సాంబయ్య కూర్చున్నాడు. మేస్త్రి నా వైపు తిరిగి, "నా కళ్ళ మీద నాకు నమ్మకం పోయిందమ్మాయ్. నేను పలుగు పడతాను. నువ్వయితే తల తిప్పవు. నాకు తెలుసు" అన్నాడు. నిజమే. ఆ డిపోలో దుంగ కింద నిలబడ్డ మనిషి మీదనుంచి చూపు తిప్పలేనిదాన్ని నేనొక్కదాన్నే. ఆయన నాకు ఉపకారం చేస్తున్నాడా, తన బరువు నా నెత్తిన పెడుతున్నాడా అని ఆ పూటంతా ఆలోచించాను. తేలలేదు. మర్నాడు కేక వేశాను. మొదటి కేక బొంగురుపోయింది. ఎవరూ కదల్లేదు. "పొట్టలోంచి రావాలమ్మా, గొంతులోంచి కాదు" అన్నాడు లారీ మీదనుంచి. రెండోసారి మోకులు కదిలాయి.

ఇలా పని నడుస్తుండగా ఒక ఏడు తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మర్నాడు అక్కడున్న ఓనరుగారి చుట్టం ఒకాయన ఫోను చేసి, వాళ్ళ సందులో ఒక ఇంటి మీద నిద్రగన్నేరు మాను పడిందని, లోపల ముసలావిడ ఉండిపోయిందని చెప్పాడు. కరెంటు స్తంభాలు అడ్డంపడి జేసీబీ సందులోకి రాలేకపోతోందట. పలుగులు, మోకులు, ఆపు చెక్కలు లారీలో వేసుకుని వెళ్ళాం. దారంతా అరటితోటలు పడుకున్నాయి. సందులో మోకాలిలోతు నీళ్ళు. పెంకుటిల్లు ఒక పక్క కూలింది. విరిగిన వాసానికీ గోడకీ మధ్య ఆవిడ మంచం ఇరుక్కుపోయింది. కొడుకు బయట నిలబడి "అమ్మా పలుకు, అమ్మా పలుకు" అంటున్నాడు. లోపలినుంచి అప్పుడప్పుడు ఒక మూలుగు.

మాను బరువంతా వాసం మీదుంది. లాగితే గోడ లోపలికి పడుతుంది. ఎత్తాలి. మేస్త్రి ఒక బండరాయి తెప్పించి, దాని మీద పలుగు ఆనించి, మాను కిందికి మొన దూర్చాడు. అవతల సాంబయ్య అలాగే చేశాడు. నేను కూలిన కిటికీ పక్కన, ఆవిడ చెయ్యి కనబడేచోట నిలబడ్డాను. పేర్లు పిలిచాను. అందరూ పలికారు. "పట్టు" అన్నాను. మాను వేలెడంత లేచింది. కింద ఆపు చెక్క దూర్చారు. మళ్ళీ పేర్లు, మళ్ళీ వేలెడు. మధ్యలో గోడలోంచి మట్టి రాలడం చూసి "ఆపు" అని అరిచాను. అందరూ ఊపిరి కూడా బిగబట్టి అలాగే ఉండిపోయారు. మేస్త్రి ఛాతీ పలుగు మీద వాలిపోయి ఉంది, నుదుటి నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, కళ్ళు మాత్రం నా మీదే. మట్టి రాలడం ఆగాక "పట్టు" అన్నాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. చివరికి కొడుకూ రత్నం కలిసి ఆవిణ్ణి మంచంతో సహా ఇవతలికి లాగారు. కాలు విరిగింది, ప్రాణం ఉంది. వెలుగులోకి రాగానే ఆవిడ, "నా కళ్ళజోడు ఏదిరా?" అంది. ఏడుస్తున్న కొడుకు నవ్వేశాడు. సందంతా నవ్వింది.

ఆ వీధివాళ్ళు మాకు పులిహోర పొట్లాలు తెచ్చి ఇచ్చారు. ముఠా అంతా లారీ పక్కన కూర్చుని గొడవగా, సంతోషంగా తింటున్నారు. మేస్త్రి కనబడలేదు. వెతుక్కుంటూ వెళితే, కూలిన ఇంటి వెనక పడిపోయిన ప్రహరీ మీద కూర్చుని ఉన్నాడు. ఏడుస్తున్నాడు. చప్పుడు లేదు, భుజాలు కదులుతున్నాయి. నన్ను చూసి మొహం తుడుచుకోలేదు.

"ఇంతేనమ్మాయ్" అన్నాడు. "చూడటమే. దానికి బలం కూడా అక్కర్లేదు. తల తిప్పకుండా ఉంటే చాలు. అంతమాత్రం పని."

ఓ ప్రాణం నిలబెట్టాం కదా అనవచ్చు. కానీ ఈ ప్రాణం ఆ ప్రాణానికి బదులు రాదని మా ఇద్దరికీ తెలుసు. పొట్లం ఆయన పక్కన పెట్టి వచ్చేశాను. తిరిగి వచ్చేటప్పుడు చూస్తే ఆ పొట్లం విప్పకుండానే గోడ మీద ఉంది.

తర్వాత కొన్నాళ్ళకు ఓనరుగారు హైడ్రా క్రేను కొన్నాడు. దానికి డ్రైవరు ఒక్కడు, గొలుసు తగిలించే మనిషి ఒక్కడు చాలు. ముఠా చెదిరిపోయింది. సాంబయ్య రొయ్యల చెరువు కాపలాకు పోయాడు. రత్నం ఆటో తోలుకుంటున్నాడు. కర్ర రకాలు తెలుసునని నన్ను మాత్రం ఉంచారు. ఆఖరి రోజున మేస్త్రి పలుగులన్నీ నూనె గుడ్డతో తుడిచి, మోకులు చుట్టలు చుట్టి, షెడ్డు గోడకు తగిలించాడు. ఎవరి కోసం అని నేను అడగలేదు. ఆయన వెళ్ళిన నెలలోనే ఇనప సామాన్లవాడు వచ్చి పలుగుల్ని తక్కెట్లో వేసుకుని తీసుకుపోయాడు. మోకులు కొన్నాళ్ళు లారీల మీద పట్టాలు కట్టడానికి వాడారు.

స్నేహ తొమ్మిదో తరగతికి వచ్చాక ఒకసారి దాన్ని తీసుకుని రేపల్లె మీదుగా ఆయన ఊరు వెళ్ళాను. మరియమ్మ పిన్ని ఇంట్లో ఒక్కతే ఉంది. ఆవిణ్ణి మాత్రం నేను పిన్ని అనడం మానలేదు. "ఎక్కడుంటాడూ, కాలవ దగ్గరే" అంది విసుగ్గా. వెళ్ళి చూశాం. పిల్లలు బడికి పోయే దారిలో కాలవ మీద తాటి మాను ఒకటి వంతెనలా వేసి ఉంది. ఆయనే ఎక్కడినుంచో దొర్లించుకొచ్చి వేశాడట. రెండు పక్కలా ఆపు చెక్కలు కొట్టి కదలకుండా చేశాడు. అయినా నమ్మకం చాలక, పొద్దునా సాయంత్రం గట్టు మీద కూర్చుని, దాటే ప్రతి పిల్లవాడి కాళ్ళనూ చూస్తున్నాడు. "నిదానం. కిందకి చూడమాక. నా వైపు చూసి రా." మనిషి సగం అయ్యాడు. మెడ బయటపడింది. స్నేహను చూసి తడబడి లేచాడు. "అచ్చం వాడే" అన్నాడు. స్నేహ నన్ను చూసింది. ఆ మాట ఎవరి గురించో దానికి అర్థమైంది.

ఆయన్ని చివరిసారి చూసింది తెనాలి ఆసుపత్రిలో. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. మధ్యాహ్నం పూట వెళ్ళాను. పిన్ని మందులకని కిందికి వెళ్ళింది. ఆయన కళ్ళు తెరిచి, నన్ను పోల్చుకుని, కుర్చీ వైపు చూపించాడు. కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు.

"అందరూ ఒకటే చెప్తారమ్మాయ్" అన్నాడు. "పాస్టరుగారు, మీ పిన్ని, ముఠావాళ్ళు. పొరపాటున జరిగింది, నీ చేతిలో ఏముందీ అంటారు. నువ్వెప్పుడూ ఏమీ అనలేదు. నువ్వు చెప్పు. ఆ రోజు నేను చూసుంటే ప్రసాదు బతికేవాడా?"

నాకు దగ్గర్లో దొరికే మాటలు చాలా ఉన్నాయి. దేవుడి చిత్తం అనవచ్చు, రాత అనవచ్చు. ఆ మంచం మీది మనిషికి ఎవరైనా ఆ మాటలే చెబుతారు. కానీ ఆయన అన్నేళ్ళూ నాకు ఒక్క అబద్ధం చెప్పలేదు. నేను చెప్పలేకపోయాను.

"చూసుంటే బతికేవాడు మేస్త్రిగారూ" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. "అవును" అన్నాడు. "బతికేవాడు." తర్వాత కళ్ళు మూసుకుని, "తల కొంచెం ఎత్తమ్మా, నీళ్ళు తాగుతాను" అన్నాడు. తల ఎత్తి పట్టుకున్నాను. ఆ తల నా చేతిలో ఏమీ బరువు లేదు. గ్లాసు సగం తాగి నిద్రపోయాడు. ఆ వారంలోనే పోయాడు.

భూస్థాపన అయ్యాక పిన్ని నన్ను పక్కకు పిలిచింది. "ఆ రోజు నువ్వు వచ్చి వెళ్ళాక అన్నం అడిగి తిన్నాడమ్మా. ఎన్నాళ్ళకో. ఏం చెప్పావు?" అంది. "ఏం లేదు పిన్నీ, ఉన్నమాటే" అన్నాను. ఆవిడ తృప్తిపడింది. నేను పడలేదు. ఆ జవాబుతో ఆయనకు ఊరట ఇచ్చానో, నా కసి అప్పటికి తీర్చుకున్నానో ఇప్పటికీ నాకు తెలియదు. రెండూ అయి ఉండవచ్చు. అన్నం తిన్నాడన్న మాట మాత్రం పట్టుకుని ఉన్నాను.

ఇదంతా స్నేహకు మొన్న చెప్పాను. ఇప్పుడది బాపట్లలో ఉద్యోగం చేసుకుంటోంది. వాళ్ళ నాన్న ఎలా పోయాడో దానికి ముందే తెలుసు, ఈ ఆసుపత్రి సంగతి తెలియదు. అంతా విని, "మరి నువ్వు ఆయన్ని క్షమించావా అమ్మా?" అని అడిగింది.

"ఆయన అడగలేదే" అన్నాను.

అడిగి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. లేదనేదాన్నేమో, డిపో మానేసి వెళ్ళిపోయేదాన్నేమో. ఆయన అడగలేదు. తప్పు నాదేనని చెప్పి, ఆ చెప్పినదాని పక్కనే బతికినంతకాలం నిలబడ్డాడు. నేను కూడా ఆ పక్కనే నిలబడి పని నేర్చుకున్నాను. స్నేహ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.